పసిపిల్లల మూర్ఛ నిర్ధారణలో సాఫ్ట్‌వేర్: వీడియో నుంచి రిపోర్టు దాకా

ఈఈజీ (తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను గీతలుగా తీసే పరీక్ష) విశ్లేషణ సాఫ్ట్‌వేర్ చేసే పని ఒక్కటే. గంటల తరబడి సాగిన రికార్డింగులో ఎక్కడ ఆగి చూడాలో చూపిస్తుంది. ఆ చూపించినది నిజంగా మూర్ఛ తరంగమా, లేక బిడ్డ చప్పరిస్తుంటే దవడ కదిలి పడిన గీతా అన్నది మనిషే తేల్చాలి. పెద్దవాళ్ల విషయంలోనే ఇది తేలిక కాదు. మూడేళ్లలోపు పిల్లల్లో మరీ కష్టం. ఆరోగ్యంగా ఉన్న పసిమెదడు గీసే గీతల్లో చాలా భాగం పెద్దల లెక్కలో జబ్బులాగే కనిపిస్తాయి. ఈ మార్గదర్శి పిల్లల డాక్టర్లకు, ఈఈజీ టెక్నీషియన్లకు, ల్యాబుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా వాడబోతున్నవారికి. తల్లిదండ్రులకు మొదటి అడుగు వరకు పనికొస్తుంది.

ముందుగా నిర్వచనం గుర్తుండాలి. మూర్ఛ వ్యాధిపై పనిచేసే అంతర్జాతీయ సంఘం ఐఎల్‌ఏఈ 2014లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తక్షణ కారణం ఏదీ లేకుండా 24 గంటలకు మించిన ఎడంతో కనీసం రెండుసార్లు ఫిట్స్ వస్తే అది మూర్ఛ వ్యాధి. ఒక్కసారే వచ్చినా, రాబోయే 10 ఏళ్లలో మళ్లీ వచ్చే అవకాశం 60 శాతానికి తగ్గకుండా ఉంటే అదీ మూర్ఛే. ఫలానా మూర్ఛ సిండ్రోమ్ అని తేలినా అంతే. ఈఈజీ సాయపడేది రెండో, మూడో సందర్భాల్లో. ఫిట్స్ ఎన్నడూ రాని బిడ్డ ఈఈజీలో స్పైకులు (సూదిమొనలా లేచే తరంగాలు) కనబడినంత మాత్రాన అది మూర్ఛ కాదు.

మొదటి అడుగు: అవి ఫిట్సేనా?

అన్ని అడుగుల్లోకీ విలువైనదీ, ఖర్చు లేనిదీ ఇదే. ఇంట్లో ఫోన్‌తో తీసిన రెండు మూడు మంచి వీడియోలు చాలాసార్లు ఈఈజీ కంటే ఎక్కువ చెబుతాయి. తీసేవారు ఇవి పాటించాలి:

- బిడ్డను పక్కకు తిప్పి, చుట్టూ తగిలేవి తీసేశాకే ఫోన్ పట్టుకోవాలి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే వీడియో మాట మరిచి అత్యవసర చికిత్స చూడాలి.
- దుప్పటి తొలగించి లైటు వేసి, ముఖం మాత్రమే కాకుండా కాళ్లూ చేతులూ అన్నీ పడేలా తీయాలి. చేతుల్ని గట్టిగా పట్టుకోకూడదు.
- పేరు పెట్టి పిలవాలి, తాకాలి. స్పందన ఉందో లేదో వీడియోలో తెలియాలి.
- ఆగిపోగానే వీడియో ఆపేయకూడదు. తేరుకునేదాకా తీయాలి. ఫిట్స్ తర్వాత ఒక చెయ్యి కాసేపు పడిపోయినట్టుంటే అది ఎటువైపు మొదలైందో చెప్పే ఆనవాలు.

ఫిట్స్‌లా కనిపించేవి పసివయసులో చాలా ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టి నీలంగా మారిపోవడం, పాలు పైకి ఎగదన్నినప్పుడు మెడ వెనక్కి విరుచుకోవడం, చలికి వణికినట్టు క్షణకాలం జలదరించడం, పరధ్యానంగా ఒకవైపే చూస్తుండడం ఇలాంటివే. నిద్రలో కాళ్లూ చేతులూ ఎగిరి, లేపగానే టక్కున ఆగిపోతే అది చాలావరకు హానిలేని నిద్ర కుదుపే. తెలివి తప్పి పడిపోయిన ప్రతి బిడ్డకూ 12 లీడ్‌ల ఈసీజీ తీయాలి. గుండె లయ తప్పి స్పృహ పోవడాన్ని ఈఈజీ సాఫ్ట్‌వేర్ పట్టుకోదు, అది ప్రాణం తీస్తుంది.

రెండో అడుగు: వయసుకు తగిన సాధనం

అంగట్లో ఉన్నవన్నీ ఒకే రకం కావు. కొన్ని స్పైకులకు గుర్తులు పెడతాయి: పెర్‌సిస్ట్, ఎన్‌సెవిస్, బెసా లాంటివి. స్కోర్-ఏఐ లాంటివి మొత్తం రికార్డింగును చూసి, మామూలుగా ఉందా, మూర్ఛ తరంగాలు ఒకచోట ఉన్నాయా, అంతటా ఉన్నాయా, మూర్ఛకు చెందని తేడా ఏదైనా ఉందా అని విడదీస్తాయి. మూడో రకం దీర్ఘకాల రికార్డింగులో ఫిట్స్ వచ్చిన సమయాన్ని పట్టుకునేవి. ఇవి కాక కేవలం చూడడానికి ఈడీఎఫ్‌బ్రౌజర్ లాంటి ఉచిత వ్యూయర్లు ఉన్నాయి.

కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఖచ్చితత్వం ఎంత శాతమని కాదు, ఏ వయసు పిల్లల రికార్డింగులతో దీన్ని తయారుచేశారని. స్కోర్-ఏఐని 2023లో ప్రచురించినప్పుడు 30,000కు పైగా ఈఈజీలతో శిక్షణ ఇచ్చారు. కానీ 3 నెలల లోపు పసికందులు, ఐసీయూ రోగులు అందులో లేరు. అలాగే నవజాత శిశువుల కోసం చేసిన అల్గారిథం ఆరు నెలల బిడ్డకు పనికిరాదు. వాడే వయసు పరిధి అనుమతి పత్రంలో రాసి ఉంటుంది. ప్రచార కరపత్రం కాదు, అది చదవాలి.

పైథాన్‌లో రాసిన పరిశోధన మోడళ్ల గురించి ఒక మాట. సీహెచ్‌బీ-ఎంఐటీ అనే ఉచిత డేటాసెట్ మీద 98, 99 శాతం సాధించామని చెప్పే ప్రాజెక్టులు కోకొల్లలు. అందులో ఉన్నవి పాతికలోపు కేసులే. ఒకే బిడ్డ రికార్డింగును ముక్కలు చేసి, కొన్నిటితో శిక్షణ ఇచ్చి మిగతావాటితో పరీక్ష పెడితే మోడల్ నేర్చుకునేది ఆ బిడ్డ మెదడునే, మూర్ఛను కాదు. కొత్త బిడ్డ వచ్చేసరికి అది చతికిలబడుతుంది. శిక్షణలో ఉన్న పిల్లలూ పరీక్షలో ఉన్న పిల్లలూ పూర్తిగా వేరా అని అడగండి. జవాబు నసిగితే పక్కన పెట్టేయండి.

చేతికి కట్టే పరికరాలు మరో కోవ. అవి ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్‌ను గుర్తించి అలారం మోగిస్తాయి. బిడ్డ ఒకటి రెండు క్షణాలు ముడుచుకుపోయే స్పాజంలను, చూపు నిలిచిపోయే ఆబ్సెన్స్ ఫిట్స్‌ను అవి పట్టవు. నిర్ధారణకు అవి సాధనం కావు.

మూడో అడుగు: రికార్డింగు

సాఫ్ట్‌వేర్ తప్పుల్లో ఎక్కువ భాగానికి బీజం ఇక్కడే పడుతుంది. మొదటి ఫిట్స్ తర్వాత వీలైనంత త్వరగా, కుదిరితే 72 గంటల్లో ఈఈజీ తీయడం మేలు.

తలకు నూనె లేకుండా స్నానం చేయించి, బిడ్డ రోజూ నిద్రపోయే వేళకే అపాయింట్‌మెంట్ ఇవ్వాలి. ఎలక్ట్రోడ్లు పెట్టడం పూర్తయ్యాక పాలు పట్టిస్తే చాలామంది పిల్లలు వాటంతటవే నిద్రపోతారు. మత్తు మందు ఆఖరి మార్గం. డయాజెపాం లాంటి బెంజోడయజపిన్లు స్పైకులను అణచివేసి వేగవంతమైన తరంగాలను నింపేస్తాయి. నిద్ర పట్టకపోతే డాక్టర్ సలహా మీద మెలటోనిన్ నయం.

టేపుతో తల కొలిచి 10-20 పద్ధతిలో (కొలతలో 10, 20 శాతం దూరాల్లో), చెవులతో కలిపి 21 ఎలక్ట్రోడ్లు పెట్టాలి. నవజాత శిశువు చిన్న తలకు తక్కువ సంఖ్య చాలు, కానీ నడినెత్తి ఎలక్ట్రోడ్‌ను వదలకూడదు. ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపు ఉండేలా చూడాలి, 10 దాటనివ్వకూడదు. పసి చర్మాన్ని రక్తం వచ్చేలా రుద్ది 3కి తేవడం కంటే అన్నీ 7 దగ్గర సమంగా ఉండడం మంచిది. ఒకటి 2, పక్కది 9 ఉంటే కరెంటు లైను గీత చేరుతుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని తరంగంగా లెక్కేస్తుంది.

సెట్టింగులు ఇలా:

- శాంప్లింగ్ రేటు సెకనుకు కనీసం 256.
- ఒక ఈసీజీ ఛానెల్ తప్పనిసరి. స్పాజంల అనుమానముంటే రెండు భుజాల కండరాల మీదా ఈఎంజీ (కండరాల విద్యుత్ రికార్డు).
- చూసేటప్పుడు ఫిల్టర్ 0.5 లేదా 1 నుంచి 70 హెర్ట్జ్ వరకు. రికార్డు చేసేటప్పుడు మాత్రం విశాలంగా వదలాలి. రికార్డులో కోసేసిన దాన్ని తర్వాత తిరిగి తేలేం.
- పెద్దవాళ్లకు వాడే మిల్లీమీటరుకు 7 మైక్రోవోల్టుల సెన్సిటివిటీ (తెరమీద గీత ఎత్తు కొలత) పసిపిల్లలకు సరిపోదు. 10 నుంచి 15తో మొదలుపెట్టాలి. హిప్సారిథ్మియా (స్పాజంల జబ్బులో చిందరవందరగా ఎగిసే పెద్ద తరంగాలు) ఉంటే 20 నుంచి 30కి పెంచితేగాని గీతలు ఒకదానిమీద ఒకటి పడకుండా కనబడవు.
- వీడియో లేకుండా ఏ పిల్లల రికార్డింగునూ సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వొద్దు.

మెలకువ రికార్డింగు కనీసం 20 నిమిషాలు, నిద్ర రికార్డింగు 30 నిమిషాలు ఉండాలి. నిద్రలేచిన తర్వాత మరో 10 నిమిషాలు కొనసాగించాలి. స్పాజంలు ఎక్కువగా వచ్చేది లేచిన వెంటనే. నాలుగేళ్ల పైబడినవారితో 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీయించి వదిలించాలి. ఊదమంటే ఊదని పిల్లల చేతిలో కాగితపు గాలిపంకా పెడితే సరి. సికిల్ సెల్ జబ్బు, మోయామోయా (మెదడు రక్తనాళాలు సన్నబడే జబ్బు), ఇటీవలి పక్షవాతం, తీవ్రమైన గుండె లేదా ఊపిరితిత్తుల జబ్బు ఉన్న పిల్లలతో దీన్ని చేయించకూడదు.

ఇక తట్టడం సంగతి. తల్లి ఒళ్లో వేసుకుని జో కొడుతూ వీపు మీద తడుతుంటుంది. సెకనుకు రెండు మూడు సార్లు, ఒకే లయలో. స్క్రీన్ మీద అది అచ్చంగా ఫిట్స్‌లాగే క్రమబద్ధంగా మొదలవుతుంది, బిడ్డ నిద్రలోకి జారేకొద్దీ నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. అల్గారిథం వెతికేది సరిగ్గా ఆ లయనూ ఆ మార్పునూ కాబట్టి నమ్మకంగా ఎర్రగుర్తు పెట్టేస్తుంది. టెక్నీషియన్ ఆ క్షణంలో ‘తడుతున్నారు’ అని నోట్ కొడితే గొడవే ఉండదు. చప్పరించడం, ఎక్కిళ్లు, తల అటూ ఇటూ దొర్లించడం, వెంటిలేటర్ కదలిక, చెమట కూడా అప్పటికప్పుడు నమోదు కావాలి. తర్వాత గుర్తు తెచ్చుకుని రాసే నోట్సుకు విలువ లేదు.

నాలుగో అడుగు: ఫైలు పంపడం

చాలా సాఫ్ట్‌వేర్లు ఈడీఎఫ్ ప్లస్ అనే రూపంలోని ఈఈజీ ఫైలును తీసుకుంటాయి. ఇక్కడ మూడు చోట్ల నిశ్శబ్దంగా పొరపాట్లు దొర్లుతాయి.

ఒకటి, ఛానెళ్ల పేర్లు. పాత పద్ధతిలో టీ3, టీ4, టీ5, టీ6 అనేవి కొత్త పద్ధతిలో వరుసగా టీ7, టీ8, పీ7, పీ8. పేర్లు కలవకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు ఏ హెచ్చరికా లేకుండా ఆ ఛానెళ్లను వదిలేసి ముందుకెళతాయి. అంటే కణతల భాగం మొత్తం చూడకుండానే ‘నార్మల్’ అంటుంది. విశ్లేషణ మొదలుపెట్టే ముందు ఎన్ని ఛానెళ్లు చదివిందో లెక్క చూసుకోండి.

రెండు, వోల్టేజి పరిధి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు గరిష్ఠ పరిధి తక్కువగా పెడితే, వందల మైక్రోవోల్టులు ఎగిసే పసిపిల్లల తరంగాల శిఖరాలు చదునుగా తెగిపోతాయి. తెగిన అంచు సాఫ్ట్‌వేర్‌కు స్పైకులా కనబడుతుంది. బైపోలార్ మాంటేజ్‌లో (పక్కపక్క ఎలక్ట్రోడ్ల తేడాను చూపే అమరికలో) కాక, రికార్డు చేసిన అసలు రిఫరెన్సులోనే పంపాలి.

మూడు, గోప్యత. ఫైలు పేరు మారిస్తే బిడ్డ పేరు పోదు. ఈడీఎఫ్ హెడర్‌లో వెర్షన్ తర్వాత వచ్చే 80 బైట్లలో రోగి వివరాలు ఉంటాయి. బయటి సర్వర్‌కు పంపేముందు వాటిని తుడవాలి. వయసును మాత్రం నెలల్లో ఉంచాలి. అది లేకుండా విశ్లేషణకు అర్థం లేదు.

ఐదో అడుగు: చదవడం

ముందు మీరు చదవండి, తర్వాతే గుర్తులు తెరవండి. ఎర్రగుర్తు చూశాక కన్ను దాన్ని సమర్థించే దారినే వెతుకుతుంది. వయసుకు తగిన నేపథ్య లయ ఉందా, రెండు వైపులా సమంగా ఉందా, నిద్ర దశలు వచ్చాయా అన్నవి రాసుకున్నాకే సాఫ్ట్‌వేర్ ఫలితం చూడాలి. అరగంట రికార్డింగును ఎలాగూ పూర్తిగా చదవాల్సిందే. అక్కడ సాఫ్ట్‌వేర్ రెండో జత కళ్లు మాత్రమే. అసలు ఆదా 24 గంటలు, అంతకు మించిన రికార్డింగుల్లో ఉంటుంది.

ప్రతి గుర్తునూ ఈ వరుసలో పరీక్షించాలి. అదే సమయంలో వీడియోలో ఏముంది? ఒకే ఎలక్ట్రోడ్‌లో ఉందా, పక్కవాటికీ తగ్గుతూ పాకిందా? ఒకే ఎలక్ట్రోడ్‌కు పరిమితమైతే ముందు ఆ ఎలక్ట్రోడ్‌నే అనుమానించాలి. మాంటేజ్ మార్చినా నిలుస్తుందా? ఆ తర్వాత క్లినికల్ న్యూరోఫిజియాలజీ అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌సీఎన్ 2017 పదకోశం చెప్పే ఆరు లక్షణాలు: మొనదేలిన రెండు మూడు దశల ఆకారం, నేపథ్యానికి భిన్నమైన నిడివి, ఎక్కే దిగే వైపులు సమంగా లేకపోవడం, వెనకే నెమ్మది తరంగం, నేపథ్యం చెదరడం, మెదడులోని ఒక మూలాన్ని సూచించే వ్యాప్తి. వీటిలో కనీసం నాలుగు ఉండాలి. స్పైకు నిడివి 20 నుంచి 70 మిల్లీసెకన్లు, షార్ప్ వేవ్‌ది 70 నుంచి 200.

ఒకే చోట పుట్టిన స్పైకులను సాఫ్ట్‌వేర్ ఒక గుంపుగా చేర్చి సగటు తీసి, తల పటం మీద వోల్టేజిని రంగుల్లో చూపిస్తుంది. ఇది కంటితో కష్టమైన పని, ఇక్కడ యంత్రానికి నమస్కారం పెట్టొచ్చు. నడినెత్తి, కణత మధ్య నెగటివ్, నుదుటి వైపు పాజిటివ్ కనిపించి, నిద్రలో జోరు పెరిగితే బాల్యంలో వచ్చే సెంట్రోటెంపోరల్ స్పైకుల మూర్ఛ గుర్తుకు రావాలి. అయితే ఇవే స్పైకులు ఎన్నడూ ఫిట్స్ రాని కొందరు పిల్లల్లోనూ ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌ను తరచూ బోల్తా కొట్టించే మామూలు గీతలు:

- నిద్రలోకి జారేటప్పుడు ఒక్కసారిగా ఎగిసే పెద్ద నెమ్మది తరంగాల గుంపు. మూడు నాలుగేళ్ల పిల్లల్లో దీన్ని స్పైక్-వేవ్ అనే మూర్ఛ తరంగంగా పొరబడడం మామూలు.
- నిద్రలో నడినెత్తిన వచ్చే వెర్టెక్స్ తరంగాలు. పిల్లల్లో ఇవి సూదిమొనలా ఉంటాయి, వరుసగా వస్తాయి.
- బొమ్మల పుస్తకం చూస్తున్నప్పుడు తల వెనక భాగంలో వచ్చే లాంబ్డా తరంగాలు. లైటు ఆర్పితే పోతాయి.
- రెండేళ్లలోపు కుడి ఎడమల్లో ఒకేసారి రాని నిద్ర స్పిండిళ్లు (నిద్రలో వచ్చే వేగపు తరంగాల చిన్న గుంపులు).
- వెనక భాగంలో నెమ్మది లయ. మూడు నాలుగు నెలలకు సెకనుకు 3 నుంచి 4, ఏడాదికి 5 నుంచి 6, మూడేళ్లకు 8 దాకా రావడం సహజం. ఏడాది బిడ్డకు పెద్దల కొలత వేస్తే మెదడు మందగించినట్టు రిపోర్టు వస్తుంది.

గుర్తులు మరీ ఎక్కువైతే సాఫ్ట్‌వేర్ గుర్తింపు సెన్సిటివిటీ తగ్గించాలని చెయ్యి లాగుతుంది. తగ్గించే ముందు ఏ ఛానెల్ నుంచి ఎక్కువ వస్తున్నాయో చూడండి. తరచూ ఒక్క వదులైన ఎలక్ట్రోడ్ తీసేస్తే సగం గుర్తులు పోతాయి.

స్పాజంలు, నవజాత శిశువులు: రెండు ప్రత్యేక సందర్భాలు

1841లో విలియం జేమ్స్ వెస్ట్ అనే డాక్టర్ తన సొంత కొడుకు లక్షణాలను వర్ణిస్తూ లాన్సెట్ పత్రికకు లేఖ రాశారు. ఆ జబ్బునే ఇప్పుడు ఇన్‌ఫెంటైల్ ఎపిలెప్టిక్ స్పాజమ్స్ సిండ్రోమ్ అంటున్నారు. 1 నుంచి 24 నెలల మధ్య మొదలవుతుంది. ఒక్కో స్పాజం ఒకటి రెండు సెకన్లే. బిడ్డ ముందుకు ముడుచుకుని చేతులు చాపి మళ్లీ మామూలవుతుంది, కొన్ని సెకన్లకు ఇంకొకటి. ఉలికిపాటనో కడుపునొప్పనో కొట్టిపారేస్తుంటారు. ఫిట్స్ గుర్తించే అల్గారిథాలు చాలావరకు 10 సెకన్లకు తగ్గని లయబద్ధ మార్పును వెతుకుతాయి. స్పాజంలో ఉండేది ఒక పెద్ద నెమ్మది తరంగం, ఆ వెంటనే గీతలు అణిగిపోవడం. కాబట్టి సాఫ్ట్‌వేర్ ‘ఫిట్స్ లేవు’ అన్న మాటకు ఇక్కడ విలువ సున్నా. నేపథ్యం చూడాలి, నిద్రలో చూడాలి, భుజాల ఈఎంజీలో వజ్రాకారంలో ఉబ్బే కండర సంకోచాన్ని వెతకాలి. అనుమానం బలంగా ఉంటే ఒక మామూలు ఈఈజీతో ఆగకూడదు. రాత్రంతా రికార్డు చేయాలి. చికిత్స ఆలస్యమైనకొద్దీ ఎదుగుదల దెబ్బతింటుంది.

నవజాత శిశువుల సంగతి దీనికి తలకిందులు. వాళ్లలో చాలా ఫిట్స్‌కు పైకి కదలికే ఉండదు, ఈఈజీలోనే తెలుస్తాయి. కాబట్టి సాఫ్ట్‌వేర్ నిజంగా పనికొచ్చే చోటు ఇదే. యాన్సర్ అనే అల్గారిథం మీద 2020లో వెలువడిన ట్రయల్‌లో, అది తోడున్నప్పుడు ఫిట్స్ ఉన్న గంటల్లో 66 శాతాన్ని సిబ్బంది సరిగ్గా గుర్తించారు. లేనప్పుడు 45 శాతం. అయితే ఏ శిశువుకు ఫిట్స్ ఉన్నాయో తేల్చడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని కూడా అదే ట్రయల్ చెప్పింది. ఏఈఈజీ పట్టీ (ఈఈజీని కుదించి చూపే గ్రాఫు) మాత్రం గంట రికార్డును 6 సెంటీమీటర్లకు కుదిస్తుంది. 30 సెకన్లలోపు ఫిట్స్ అందులో మాయమవుతాయి. పట్టీ పైకి ఉబ్బిన చోటల్లా అసలు ఈఈజీ తెరిచి చూడాలి.

ఫలితాన్ని తూకం వేయడం

ఒక ఊహా లెక్క. 90 శాతం సెన్సిటివిటీ (జబ్బు ఉన్నవారిని పట్టుకోవడం), 80 శాతం స్పెసిఫిసిటీ (లేనివారికి లేదనడం) ఉన్న సాఫ్ట్‌వేర్ అనుకుందాం. ఫిట్స్ అనుమానంతో వచ్చిన 200 మందిలో 60 మందికి నిజంగా మూర్ఛ ఉంటే, 54 మందిని పట్టుకుంటుంది. లేని 140 మందిలో 28 మందికి ఉందంటుంది. గుర్తుపడిన 82 మందిలో నిజమైనవారు 66 శాతం. ఇదే సాఫ్ట్‌వేర్‌ను మాటలు ఆలస్యమయ్యాయనో అల్లరి ఎక్కువనో వచ్చిన 1000 మంది మీద వాడితే, వారిలో 10 మందికే మూర్ఛ ఉందనుకుంటే, 9 మందిని పట్టుకుని 198 మందికి లేని జబ్బు అంటగడుతుంది. నిజమైనవి 4 శాతం చిల్లర. ‘ఎందుకైనా మంచిది, ఒకసారి చూద్దాం’ అని ఈఈజీ తీయించడం ఎందుకు మంచిది కాదో ఇంతకంటే చెప్పనక్కర్లేదు. ఇటువైపు, మొదటి ఈఈజీ మామూలుగా ఉన్నంత మాత్రాన మూర్ఛ లేదనీ అనలేం. వీడియో, వర్ణన గట్టిగా ఉంటే నిద్ర ఈఈజీ మళ్లీ తీయాలి.

ఎంఆర్‌ఐ, జన్యు పరీక్షల దగ్గర

ఒకచోట మొదలయ్యే ఫిట్స్‌కు మందులు పనిచేయకపోతే ఎంఆర్‌ఐని మరోసారి చూడాలి. మెల్డ్ ప్రాజెక్టు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ కంటికి అందని ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా (మెదడు పైపొర ఒకచోట సరిగా ఏర్పడకపోవడం) మచ్చలను వెతుకుతుంది. దానికి 1 మిల్లీమీటరు 3డి టీ1 చిత్రాలు కావాలి, ఫ్లెయిర్ అనే మరో రకం ఎంఆర్‌ఐ చిత్రాలు కూడా ఉంటే మేలు. పసిపిల్లల్లో చిక్కు నరాల పైతొడుగైన మైలిన్‌తో వస్తుంది. 6 నెలల నుంచి 2 ఏళ్ల మధ్య మైలిన్ పూర్తిగా ఏర్పడక బూడిద, తెలుపు భాగాల హద్దు చెరిగినట్టుంటుంది, కొలతలు తప్పుతాయి. ఆ వయసులో ఏమీ దొరక్కపోతే రెండున్నరేళ్ల తర్వాత మళ్లీ తీయాలి.

మొదటి ఏడాదిలోనే జ్వరంతో, ఒళ్లు ఒకవైపే కొట్టుకుంటూ, చాలాసేపు ఫిట్స్ వచ్చిన బిడ్డలో ఎస్‌సీఎన్1ఏ జన్యు మార్పు దొరికితే, అది డ్రావే సిండ్రోమ్ (పసివయసులో మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ) దిశగా పోతుందా, తేలికపాటి రూపమా అని అంచనా వేసే ఆన్‌లైన్ కాలిక్యులేటర్ ఉంది. ఫిట్స్ మొదలైన వయసు, జన్యు మార్పు స్కోరు ఇస్తే సంభావ్యత చెబుతుంది. ఇది తొందరగా తేలడం ముఖ్యం. కార్బమజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటాయిన్ డ్రావే పిల్లల్లో ఫిట్స్‌ను పెంచవచ్చు.

రిపోర్టు, ల్యాబు రికార్డు

రోజువారీ వాడకానికి ముందు, తుది నిర్ధారణ తెలిసిన మీ పాత రికార్డింగులను వయసుల వారీగా విడదీసి సాఫ్ట్‌వేర్‌తో నడపండి. 3 నెలల నుంచి ఏడాది, ఏడాది నుంచి 3 ఏళ్లు, ఆపైన. మొత్తం మీద సగటు బాగుండి, ఏడాదిలోపు గుంపులో ఘోరంగా ఉండడం మామూలే. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అదే రికార్డుల మీద మళ్లీ నడపాలి.

రిపోర్టులో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, వాడిన సెట్టింగు, మెలకువా నిద్రా ఎంతసేపో రాయాలి. ‘సాఫ్ట్‌వేర్ మూర్ఛ అని గుర్తించింది’ అనే వాక్యం ఎప్పుడూ రాయకూడదు. ‘నిద్రలో కుడి సెంట్రోటెంపోరల్ స్పైకులు, చదివిన డాక్టర్ ధ్రువీకరించారు’ అని ఉండాలి. చదివినవారు తోసిపుచ్చిన గుర్తులను ఫైలు నుంచి చెరిపేయవద్దు. పక్కన కారణం రాయండి: తట్టడం, చప్పరింపు, వెర్టెక్స్ తరంగం, వదులు ఎలక్ట్రోడ్. వయసు నెలల్లో, నిద్ర దశ కూడా చేర్చండి. అదే బిడ్డ ఏడాది తర్వాత మళ్లీ వచ్చినప్పుడు తోసిపుచ్చిన గుర్తుల్లో ఏదైనా అదే చోట మళ్లీ కనిపిస్తుందేమో పోల్చి చూసుకోవచ్చు.